నేరేడమ్మ చాచిన అరచెయ్యి

అనగనగా, ఒక అడవిలో ఒక జలపాతం ఉండేది. దాని నీటి తెర వెనకాల, హోరుకి పక్కవాడి మాట కూడా చెవికెక్కని ఒక గుహ ఉండేది. అందులో నేరేడమ్మ అనే ముసలి ఎలుగుబంటి ఉండేది. అడవి మొత్తానికి ఆవిడే వైద్యురాలు.

అంత హోరులో ఎందుకు కాపురం పెట్టిందని మీరు అడుగుతారు. అడగాల్సిందే. చల్లటి చోట మందులు చెడిపోవన్నది ఒక కారణం. అసలు కారణం వేరే. రోగి చుట్టూ చేరినవాళ్లందరూ తలా ఒక వైద్యం చెబుతారు. మా వదిన కూతురికి ఇలాగే అయితే ఫలానా ఆకు వేశామని ఒకరు, ఆకు కాదు బెరడని ఇంకొకరు. అడవిలో అయినా అంతే. నీటి తెర వెనక్కి వెళితే ఆ గోల వినపడదు. అక్కడ మాట్లాడాలంటే ఒకరి చెవి దగ్గర ఇంకొకరు నోరు పెట్టాలి. అలా చెప్పాల్సి వచ్చినప్పుడు ఎవరూ అనవసరమైన మాట చెప్పరు.

నేరేడమ్మకి ఒక పద్ధతి ఉండేది. ఎవరినైనా పనిమీద పంపితే ముందు వాళ్ల చేతిలో ఒక దొప్ప పెట్టేది. రెండు మోదుగాకులు మడిచి, సన్నని పుల్లతో కుట్టిన దొప్ప. నేనడిగింది ఇందులో వేసి తెచ్చి నా చేతిలో పెట్టాలి అని చెప్పేది. దొరక్కపోతే ఖాళీ దొప్పే తెచ్చి పెట్టాలి. దొరకలేదన్న సంగతి కూడా తనకు చేరాలి కదా. చేరితేనే ఆవిడ ఇంకో దారి వెతుకుతుంది. దొప్ప వచ్చేదాకా ఆవిడ అరచెయ్యి చాచుకునే కూర్చునేది. చేతిలో దొప్ప పడిందా, వెళ్లివచ్చినవాడి పని అక్కడితో సరి. ఇక వాడు దారిలో జరిగిన కథలు చెప్పడానికి వీల్లేదు. తోక ముడుచుకుని బయటికి నడవాల్సిందే.

ఇది ముసలిదాని చాదస్తమని అడవిలో చాలామంది నవ్వుకునేవాళ్లు. వాళ్లలో చిటారయ్య ఒకడు.

చిటారయ్య కొండముచ్చు. నల్లటి మొహం, తెల్లటి గడ్డం, ఒంటికంటే పొడుగు తోక. అడవిలోకెల్లా ఎత్తైన మద్దిచెట్టు చిటారు కొమ్మన కూర్చుని కాపలా కాయడం అతని పని. కొండముచ్చులకీ చుక్కల జింకలకీ ఎప్పటినుంచో పొత్తు. పైనుంచి ఇవి ఆకులూ కాయలూ తుంచి పడేస్తే కింద అవి తింటాయి. పైవాడి కళ్లు దూరం చూస్తాయి, కిందివాళ్ల ముక్కులు దగ్గరి వాసన పడతాయి. ఆలోచిస్తే మనుషుల్లో ఇంత చక్కటి పొత్తు కనబడటం కష్టమే. సరే, అది వేరే సంగతి. పులి కనబడితే చిటారయ్య ఒక్క కేక వేసేవాడు. ఆ కేకకి జింకలు పరుగెత్తేవి, నెమళ్లు ఎగిరేవి, కుందేళ్లు బొరియల్లో దూరేవి. కేక వేశాక అతనికి పనిలేదు. ఎవరు విన్నారో ఎవరు వినలేదో కిందికి దిగి చూసే అవసరం ఒక్కనాడూ రాలేదు. కేక వేస్తే పని అయిపోయినట్టే. చిన్నప్పటినుంచీ అతనికి తెలిసింది అదే.

ఒకనాటి పొద్దున అతని కూతురు ఇప్పి కొమ్మ మీదనుంచి జారి పడింది. ఇప్పి పట్టు తప్పే పిల్ల కాదు. తల్లి తంగేడమ్మ పరుగున వెళ్లి ఎత్తుకుంది. పిల్ల పెదవులు నల్లగా ఉన్నాయి. నాలుక మొద్దుబారి మాట రావడం లేదు. ఒళ్లు కాసేపు బిగుసుకుంటోంది, కాసేపు వేలాడిపోతోంది. తోటి పిల్లల్ని అడిగితే, ఇప్పి తెల్లవారగానే రాళ్లదిబ్బ వైపు వెళ్లి ఏదో తిన్నదని మాత్రం చెప్పారు. ఏం తిన్నదో వాళ్లకీ తెలియదు.

తల్లీ తండ్రీ పిల్లని ఎత్తుకుని జలపాతం వెనక్కి చేరారు. ఇద్దరి ఒళ్లూ తడిసి ముద్దయ్యాయి. తంగేడమ్మ ఏడుస్తోంది. ఆ ఏడుపు చిటారయ్యకి వినపడలేదు. పక్కనే ఉన్నాడు. భార్య నోరు తెరుచుకోవడం, భుజాలు ఎగిరెగిరి పడటం కనిపిస్తోంది. శబ్దం మాత్రం లేదు. అది చూస్తుంటే ఏడుపు వినడం కంటే ఎక్కువ భయం వేసింది అతనికి.

నేరేడమ్మ పిల్ల కనురెప్పలు ఎత్తి చూసింది. నోటి దగ్గర వాసన చూసింది. రెండు రాతి గిన్నెలు ముందుకు జరుపుకుని, రెండింటిలోనూ మందు నూరడం మొదలుపెట్టింది. గుహ గోడ మీద, నీటి తెరలోంచి వచ్చిన వెలుగు వణుకుతూ పడుతోంది. ఆ గోడకి నిలువుగా ఒక పగులు ఉంది. నేరేడమ్మ ముందు వెలుగు అంచునీ తర్వాత ఆ పగులునీ చూపించింది. చిటారయ్య చెవి దగ్గర నోరు పెట్టింది.

"వెలుగు ఆ పగులు దాటేలోగా మందు గొంతు దిగాలి. పిల్ల కొరికి వదిలేసిన కాయ అక్కడే పడి ఉంటుంది. ఆ ఎంగిలికాయ దొప్పలో వేసి తెచ్చి నా చేతిలో పెట్టు. ఇంకేమీ చెయ్యకు నాయనా."

దొప్ప ఇచ్చి, ఒక చేత్తో మందు నూరుతూ, రెండో అరచెయ్యి చాచుకుని కూర్చుంది.

చిటారయ్య పరుగెత్తాడు. లోయలోకి దిగాడు, వాగు దాటాడు, అవతలి గట్టు ఎక్కి రాళ్లదిబ్బ చేరాడు. దారంతా ఒకటే దిగులు. ఎంగిలికాయ దొరక్కపోతే? ఏ పిట్టో ఎత్తుకుపోయి ఉంటే? దిబ్బ మీద రెండు మూడు రకాల చెట్లున్నాయి. ఒక్కొక్క చెట్టు కిందా వంగి, ఎండుటాకులు పక్కకి తీసి వెతికాడు. చివరికి ఒక గుబురు చెట్టు కింద కనిపించింది. నల్లకాయ. సగం కొరికి ఉంది. తొక్క మీద చిన్నచిన్న పళ్ల గాట్లు. ఆ గాట్లు ఎవరివో అతనికి తెలుసు. నిన్న సాయంత్రమే అతని చెవిని కొరికి ఆడుకున్న పళ్లవి.

కాయని దొప్పలో వేసుకున్నాడు. పని సగం అయింది. ఇక వెనక్కి పోవడమే మిగిలింది.

అక్కడే ఆగాడు.

అతను కాపలా కాసే మద్దిచెట్టు ఆ దిబ్బ పక్కనే ఉంది. గుహకి పోవాలంటే మళ్లీ గట్టు దిగాలి, వాగు దాటాలి, లోయంతా నడవాలి. కేక అయితే రెప్పపాటు. ముసలమ్మకి కావలసింది పిల్ల ఏం తిన్నదో తెలియడమేగా? దొప్పలో తెస్తేనేం, గొంతుతో చెబితేనేం? ఇలా అనుకున్నాడు. బద్ధకించి అనుకున్నది కాదు పిల్లలూ, తొందరలో అనుకున్నది. బిడ్డకి ఒక్క ఘడియ ముందుగా మందు పడాలని అనుకున్నది.

దొప్ప చేతిలో ఉంటే చెట్టెక్కడానికి అడ్డం. దాన్ని చెట్టు మొదట్లో జాగ్రత్తగా ఆనించాడు. చిటారు కొమ్మకి ఎగబాకాడు. గుండెలనిండా గాలి పీల్చి కేక వేశాడు.

"ఇప్పి తిన్నది నల్లకాయ. నేరేడమ్మ పెద్దమ్మకి చెబుతున్నాను, నల్లకాయ."

ఆ కేక అడవి అంచుల దాకా వెళ్లింది. కింద మేస్తున్న జింకలు తలెత్తి ఆ మాటే పక్క మందకి చెప్పాయి. నెమళ్లు అందుకున్నాయి. వాగు ఒడ్డున కొంగలు కూడా మెడలు చాచి ఒకదానికొకటి చెప్పుకున్నాయి. అయ్యో, నల్లకాయంట. పాపం, నల్లకాయంట. అడవంతా ఆ మాటే. చిటారయ్యకి కాస్త ఊపిరి ఆడింది.

ఇక్కడ కథని ఒక్క క్షణం కొమ్మమీద కూర్చోబెట్టి, మీ బడి సంగతి ఒకటి చెప్పుకుందాం. మీలో కాస్త పెద్ద తరగతులవాళ్లు కంప్యూటరుకి పనులు చెప్పడం నేర్చుకుంటున్నారు కదా. ఒక చిన్న పనికి ఒక పేరు పెట్టి విడిగా రాసి పెట్టుకుంటారు. దాన్ని ఫంక్షన్ అంటారు. కావలసినప్పుడు పేరు పెట్టి పిలిస్తే అది వెళ్లి ఆ పని చేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే పొరపాటు ఏమిటంటే, ఫంక్షన్ చేత లెక్క చేయించి, జవాబుని తెర మీద ప్రింట్ చేయించి ఊరుకుంటారు. తెర మీద జవాబు మెరుస్తూ కనబడుతుంది. గదిలో అందరూ చూస్తారు. కానీ ఆ జవాబు కోసం ఎదురుచూస్తున్న, రాసిపెట్టిన పనుల్లో తర్వాతి వరసకి ఏమీ అందదు. దాని చెయ్యి ఖాళీగానే ఉంటుంది. అందాలంటే ఫంక్షన్ జవాబుని పిలిచిన చోటికి రిటర్న్ చెయ్యాలి, అంటే తిరిగి తెచ్చి ఇవ్వాలి. చూపించడం వేరు, తెచ్చి ఇవ్వడం వేరు. ఇక చిటారయ్య దగ్గరికి వెళదాం. అతను అక్కడ మనకంటే ఎక్కువ కంగారులో ఉన్నాడు.

చిటారు కొమ్మ నుంచి చూస్తే జలపాతం కనిపిస్తుంది. అంత దూరాన హోరు లేదు. కొండకి ఆరేసిన తెల్లటి బట్టలాగా కదలకుండా ఉంటుంది. చిటారయ్య దానివైపే చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు మందు పోస్తూ ఉంటుంది. ఇప్పుడు పిల్ల కళ్లు తెరిచి ఉంటుంది. ఇంకాసేపట్లో తంగేడమ్మ పిల్లని ఎత్తుకుని ఆ తెల్లటి బట్ట వెనకనుంచి బయటికి వస్తుంది. అలా అనుకుంటూ చూశాడు.

ఎవరూ రాలేదు.

మందు పనిచెయ్యడానికి కాస్త సమయం పడుతుందిలే అని సర్దిచెప్పుకున్నాడు. కొమ్మ మారి కూర్చున్నాడు. గడ్డం గోక్కున్నాడు. జలపాతం వెనకనుంచి ఎవరూ రాలేదు. ఎండ నడినెత్తికి వస్తోంది. గుహ గోడ మీద ఆ వెలుగు ఎక్కడిదాకా వచ్చిందో ఇక్కడినుంచి కనబడదు.

అప్పుడు చెట్టు కిందికి చుక్కమ్మ వచ్చింది. జింకల మందలో పెద్దది. చిటారయ్యని అన్నా అని పిలుస్తుంది. పిల్లకి ఎలా ఉందని అడిగింది. కబురు చెప్పానుగా, నేరేడమ్మ మందు పోస్తూ ఉంటుందని అతనన్నాడు. చుక్కమ్మ ఒక చెవి వెనక్కి వంచి, ఆలోచిస్తూ అడిగింది.

"కబురు వినగానే పెద్దమ్మ ఏమంది అన్నా?"

"ఏమంటుంది? వినే ఉంటుంది. అడవంతా విన్నది."

"అడవంతా విన్నది. మేమంతా విన్నాం. ఆవిడ వినే ఉంటుందని మా మందలో ఎవరమూ వెళ్లి చెప్పలేదు. అందుకే అడుగుతున్నా."

చిటారయ్య మళ్లీ జలపాతం వైపు చూశాడు. తెల్లగా, నిశ్శబ్దంగా ఉంది. అప్పుడు పొద్దుటి సంగతి గుర్తొచ్చింది. పక్కన నిలబడ్డ భార్య ఏడుస్తుంటే వినపడలేదు. నోరు మాత్రం కనిపించింది. పక్కనున్న ఏడుపే వినపడని చోట, కొండ ఇవతలి కేక ఎవరికి వినపడుతుంది?

కొమ్మ మీదనుంచి దిగలేదు, దాదాపు పడ్డాడు. పడి పరుగెత్తాడు. గట్టు, వాగు, లోయ. జలపాతం దగ్గర అప్పటికే గుంపు చేరింది. నల్లకాయ తిన్న పిల్లని చూద్దామని వచ్చినవాళ్లు. పాపం అంటే పాపం అంటున్నారు. ఒక్కరూ లోపలికి వెళ్లలేదు. వాళ్ల మధ్యనుంచి దూసుకుపోయి, తడుస్తూ గుహలో పడ్డాడు.

ఇప్పి కళ్లు మూసుకునే ఉంది. తంగేడమ్మ పిల్ల అరికాళ్లు రుద్దుతోంది. రాతి గిన్నెలు రెండూ నిండి ఉన్నాయి. మందు నూరడం ఎప్పుడో అయిపోయింది. నేరేడమ్మ అలాగే కూర్చుని ఉంది, అరచెయ్యి చాచుకుని. గోడ మీద వెలుగు పగులుకి బెత్తెడు దూరంలోకి వచ్చేసింది.

చిటారయ్య రొప్పుతూ ఆవిడ చెవిలో నోరు పెట్టాడు. నల్లకాయ, పెద్దమ్మా. నల్లకాయ తిన్నది.

నేరేడమ్మ చెయ్యి కదలలేదు. చాచే ఉంది. అతని చెవిలో అడిగింది.

"కాయేది?"

అతను తన చేతులు చూసుకున్నాడు. రెండూ ఖాళీ. దొప్ప మద్దిచెట్టు మొదట్లో ఉంది. ఈ పరుగులో దాన్ని తీసుకోవాలని కూడా తోచలేదు.

నేరేడమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేదని చిటారయ్య తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. ఆవిడ నెమ్మదిగా చెప్పింది. నల్లకాయ తొక్కలో ఒక విషం ఉంది. గింజలో ఇంకొకటి ఉంది. గింజ కొరికితే ఎడమ గిన్నెలోది పొయ్యాలి. కొరక్కపోతే కుడి గిన్నెలోది పొయ్యాలి. అందుకే ఎంగిలికాయ తెమ్మన్నది. గింజ మీద గాట్లున్నాయా?

అతను చూడలేదు. తొక్క మీది గాట్లు చూశాడు, గింజని చూడలేదు.

ఏదో ఒకటి పొయ్యమని తంగేడమ్మ చేతులు పట్టుకుంది. నేరేడమ్మ తల అడ్డంగా తిప్పింది. తెలియకుండా మందు పొయ్యనంది. ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే, అని ఏదో చెప్పబోయి ఆపేసింది. చెప్పకుండా ఆపిన ఆ మాట ముగ్గురికీ తెలిసింది.

తంగేడమ్మ మొగుడి చెవి దగ్గరికి వచ్చింది.

"బయట అంతమంది ఎందుకు చేరారు? వాళ్లకెలా తెలిసింది?"

మద్దిచెట్టెక్కి కేక వేశానని అతను ఆమె చెవిలో చెప్పాడు.

"అడవికంతా చెప్పావా? బిడ్డ పక్కన కూర్చున్నదాన్ని, నాకు చెప్పలేదా?"

చిటారయ్య వెనుదిరిగాడు. ఎలా వాగు దాటాడో, ఎప్పుడు గట్టెక్కాడో అతనికి తెలియదు. మద్దిచెట్టు కిందికి వచ్చి పడ్డాడు. చెట్టు మొదట్లో దొప్ప లేదు. దొప్ప ఉండాల్సిన చోట బురదప్ప ఉన్నాడు.

బురదప్ప అడవిపంది. పడుకుని దవడలు ఆడిస్తున్నాడు.

"ఏంటి బావా ఆ రొప్పుడు? ఇవాళ పులి నీ వెంటే పడిందా?"

ఇక్కడ దొప్పలో కాయ ఉండాలి, ఏమైందని చిటారయ్య అడిగాడు.

"తిన్నాను. దొప్పతో సహా తిన్నాను. ఆకు పరిచి, అందులో కాయ పెట్టి, చెట్టు మొదట్లో ఆనించి పోతే నాకోసమే అనుకున్నా. పుట్టి బుద్ధెరిగాక నాకెవరైనా ఆకులో వడ్డించారా?"

చిటారయ్య కూలబడ్డాడు. ఆ కాయ ఎందుకో రెండు మాటల్లో చెప్పాడు. బురదప్ప దవడలు ఆగిపోయాయి. లేచి నిలబడ్డాడు. వేళాకోళం ఎక్కడికో పోయింది.

"గింజ తినలేదు. చేదుగా ఉంటే ఊసేశాను. తొక్కా గుజ్జూ ఎన్ని తిన్నా నాకేం కాదులే. ఇక్కడే ఎక్కడో పడి ఉంటుంది, ఆగు."

ఇద్దరూ నేలమీద పడ్డారు. చిటారయ్య వేళ్లతో బురద కెలుకుతున్నాడు. బురదప్ప ముట్టెతో ఆకులు తిరగేస్తున్నాడు. ఒక గింజ దొరికింది, అది పాతది, ఎండిపోయింది. ఇంకోటి దొరికింది, అది గింజ కాదు రాయి. ఎండ పడమటివైపు వాలడం మొదలైంది. అప్పుడు బురదప్ప ఒక వేరు పక్కన ముట్టె ఆపి, గట్టిగా వాసన పీల్చి, ఇదిగో అన్నాడు.

తడి గింజ. దాని మీద సన్నటి గాట్లు, పక్కపక్కనే. పంది పళ్లు అంత చిన్నవి కావు. ఒక మూల పెచ్చు ఊడిపోయి ఉంది.

మద్దిచెట్టు అతని పక్కనే ఉంది. ఎక్కడం ఎంతసేపు? గింజ కొరికింది అని ఒక్క కేక. గొంతు దానంతట అదే నిండింది. చిన్నప్పటినుంచీ నేర్చిన గొంతు అది.

నోరు మూసుకున్నాడు. గింజని పిడికిట్లో బిగించాడు. మిగిలిన చెయ్యి, రెండు కాళ్లు, అంతే, వాటితోనే పరుగెత్తాడు. వాగులో జారి మునిగాడు, పిడికిలి మాత్రం నీళ్లమీదికి ఎత్తిపట్టుకున్నాడు. జలపాతం దగ్గర గుంపు ఇంకా పెరిగింది. అందరూ అడ్డం వచ్చి అడిగారు. ఏం దొరికింది? పిడికిట్లో ఏముంది? మాకు చెప్పవయ్యా. చెబితే తప్పేమిటయ్యా. అతను ఎవరి మొహమూ చూడలేదు. ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు.

గుహలో వెలుగు అంచు పగులుని తాకి ఉంది.

నేరేడమ్మ అరచెయ్యి చాచే ఉంది. చిటారయ్య ఆ చేతిలో పిడికిలి ఆనించి విప్పాడు. గింజ జారి అరచేతిలో పడింది.

ఆవిడ దాన్ని వెలుగుకి పట్టి చూసింది. గోటితో గాటు తడిమింది. ఇంకేమీ ఆలోచించలేదు. ఎడమ గిన్నె ఎత్తింది. తంగేడమ్మ పిల్ల తల పట్టుకుంది. మందు చుక్కచుక్కగా గొంతులోకి దిగింది.

పంది సంగతి, దొప్ప సంగతి చెబుదామని చిటారయ్య ఆవిడ చెవి దగ్గరికి వంగాడు. నేరేడమ్మ అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టి, గుమ్మం వైపు చూపించింది. ఇవ్వాల్సింది ఇచ్చేశాడు. అతని పని అయిపోయింది. తర్వాతిది ఆవిడ పని.

బయట ఒక రాయి మీద కూర్చున్నాడు. గుంపులో ఒకరు వచ్చి, పిల్లకి ఎలా ఉందని అడిగారు. తెలియదన్నాడు. ఇంకొకరు అడిగారు. తెలియదన్నాడు. నీటి తెర వెనక ఏం జరుగుతోందో వినపడదు, కనపడదు. ఎదురుచూడటం అంటే ఏమిటో, పొద్దుటినుంచీ లోపల ఇద్దరు ఆడవాళ్లు ఎలా కూర్చుని ఉన్నారో, అతనికి అప్పుడు తెలిసివచ్చింది. ఎండ పలచబడింది. గుంపు కూడా పలచబడింది. చుక్కమ్మ ఒక్కతే దూరంగా నిలబడి ఉంది, మేత ముట్టకుండా.

నీటి తెర చీలింది. తంగేడమ్మ ఒంటరిగా బయటికి వచ్చింది. ఆమె చేతుల్లో పిల్ల లేదు. చిటారయ్య లేవబోయాడు. ఆమె ఎవరివైపూ చూడలేదు. రాళ్లు దాటుకుంటూ తిన్నగా అతని దగ్గరికే వచ్చింది. వంగి, అతని చెవిలో నోరు పెట్టింది.

"కళ్లు తెరిచింది. నిన్ను అడుగుతోంది."

అప్పుడు ఏడ్చాడు చిటారయ్య.

ఇప్పి బతికింది. కానీ ఆ విషం అంతసేపు గొంతులో ఆగడం వల్ల గొంతు దెబ్బతిన్నది. గుసగుస తప్ప మాట పైకి రాలేదు. దొప్ప మొదటిసారి తిన్నగా వచ్చి ఉంటే గొంతు కూడా దక్కేదని నేరేడమ్మ దాచకుండా చెప్పింది. దాచడం ఆవిడకి చేతకాదు. చిటారయ్య తల వంచుకుని విన్నాడు.

వానలు వెళ్లాక ఒకనాడు నేరేడమ్మ మళ్లీ అతనికి కబురంపింది. పిల్లలు ఆడుకునే రాళ్లదిబ్బ మీద నల్లకాయలు ఇంకా మిగిలి ఉన్నాయేమో చూసిరమ్మంది. దొప్ప చేతిలో పెట్టింది. అతను వెళ్లి కొమ్మకొమ్మా వెతికాడు. ఒక్క కాయా లేదు. దొప్పని పళ్ల మధ్య పట్టుకుని గట్టు దిగాడు, వాగు దాటాడు, తడిసి గుహలోకి వచ్చాడు. ఖాళీ దొప్పని ఆవిడ అరచేతిలో పెట్టాడు. నోరు తెరిచి ఏమీ చెప్పలేదు. చెప్పకుండానే బయటికి నడిచాడు. నేరేడమ్మ ఆ ఖాళీ దొప్పని చూసి, అంతకుముందు ఎన్నడూ నవ్వనట్టు నవ్వింది.

ఇక ఇప్పి. ఇప్పి కళ్లు తండ్రి కళ్లకంటే చురుకు. ఇద్దరూ మద్దిచెట్టు మీదే కూర్చునేవాళ్లు, తండ్రి ఒక కొమ్మన, కూతురు ఇంకో కొమ్మన. ఒక సాయంత్రం వాగు అవతల గడ్డి చిన్నగా కదిలింది. గాలికి కదిలే తీరు కాదు. కింద చుక్కమ్మ మంద మేస్తోంది. ఇప్పికి గొంతు లేదు. ఉన్న కొమ్మ వదిలి, తండ్రి కొమ్మ మీదికి గెంతింది. అతని మెడ పట్టుకుని, చెవికి నోరు ఆనించింది.

"నాన్నా, వాగు అవతల, గడ్డిలో చిరుత."

చిటారయ్య ఆ మాట పూర్తిగా విన్నాడు. అప్పుడు తల ఎత్తి, గుండెలనిండా గాలి పీల్చి, అడవి దద్దరిల్లేలా కేక వేశాడు. కింద జింకలన్నీ ఒక్క ఉదుటున లేచి పరుగెత్తాయి.

నీతి: చేసిన పని ఫలితం పదిమందికి వినపడితే చాలదు, అడిగినవారి చేతికి తిరిగి చేరినప్పుడే ఆ పని పూర్తయినట్టు.